గీత ఎక్కడ పడాలి? చిన్న వంటగదిలో రెండు రంగుల క్యాబినెట్లు

(హైదరాబాదులోని ఒక అపార్ట్‌మెంటు నివాసుల సమావేశంలో ఒక ఇంటీరియర్ డిజైనర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద మూడు సన్‌మైకా ముక్కలు, అంటే క్యాబినెట్ తలుపుల మీద అంటించే రంగు షీటు ముక్కలు, పెట్టాను. ఒకటి దంతపు రంగు, రెండవది ముదురు నీలం, మూడవది ఇసుక రంగుకూ బూడిద రంగుకూ నడుమ ఉండే ఒక ఛాయ. ప్రసంగం అయ్యేసరికి వీటితో పని పడుతుంది కనుక, ముందు వరుసలో ఉన్నవారు దయచేసి అప్పటిదాకా వీటిని కదపవద్దని మనవి.

నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఫోనులో ఒక ఫొటో చూపిస్తారు. అందులో కింద ముదురాకుపచ్చ, పైన తెలుపు, మధ్యలో ఇత్తడి పిడులు, పెద్ద కిటికీ, ఆ కిటికీలోంచి కనిపించే తోట ఉంటాయి. మాకూ ఇలాగే కావాలి, ఏ రెండు రంగులు వేస్తే బాగుంటుందో చెప్పండి అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పను. రంగులు ఏవన్నది తరువాత తేల్చుకోవచ్చు. ఒక రంగు ఎక్కడ ఆగి, రెండవది ఎక్కడ మొదలవుతుందన్నది మొదట తేలాలి. రెండు రంగులు కలిసే చోట ఒక గీత ఏర్పడుతుంది. చిన్న గదిలో కన్ను రంగును చూడకముందే ఆ గీతను చూస్తుంది. గీత సరైన చోట పడితే సామాన్యమైన రంగులు కూడా ఒద్దికగా కనిపిస్తాయి. తప్పు చోట పడితే ఎంత ఖరీదైన షీటు వేసినా గది ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

రెండు రంగుల పద్ధతి మనకు విదేశాల నుంచి వచ్చిందేమీ కాదు. పల్లెల్లో సున్నం కొట్టిన గోడకు అడుగున ఎర్రమట్టితోనో జాజుతోనో ఒక పట్టీ తీసేవారు. వాన చినుకు నేల మీద పడి చిమ్మిన బురద ఆ పట్టీలో కలిసిపోయేది. మనం చదువుకున్న సర్కారు బడులనూ, ఆసుపత్రి వరండాలనూ గుర్తు చేసుకోండి: భుజమెత్తు దాకా ముదురు ఆయిల్ పెయింటు, ఆ పైన తెల్లని సున్నం. చేతులు ఆనే చోటు, వీపులు ఆనించే చోటు ఎంతవరకో అంతవరకే ఆ పెయింటు ఉండేది. ఆ గీతను అలంకారం కోసం ఎవరూ గీయలేదు; ఆ గోడతో మనుషుల వాడకమే దాన్ని గీసింది. వంటగదిలో గీతను కూడా అలాగే నిర్ణయించాలని నా అభిప్రాయం.

పనిని బట్టి రంగును నిర్ణయించడానికి ఒక పేరున్న ఉదాహరణ చెబుతాను. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో సామాన్యుల కోసం పెద్ద ఎత్తున ఇళ్లు కడుతున్నప్పుడు, మార్గరెటె షూట్టె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా వాస్తుశిల్పి వాటి కోసం ఒక చిన్న వంటగదిని రూపొందించింది. దాని వెడల్పు 1.87 మీటర్లు, పొడవు 3.44 మీటర్లు, అంటే సుమారు 69 చదరపు అడుగులు. ఆ నమూనాతో దాదాపు పదివేల వంటగదులు కట్టారు. వాటిలో చాలా క్యాబినెట్లకు నీలి ఆకుపచ్చ రంగు వేశారు. నీలం మీద ఈగలు వాలవని ఆనాటి నమ్మకం. ఆ నమ్మకం ఎంత నిజమన్న చర్చ ఇప్పుడు మనకు వద్దు. వంటగదికి రంగు ఎంచుకునేటప్పుడు ఆమె ముందుగా ఈగల గురించి ఆలోచించింది, అది నాకు నచ్చింది. మనం కూడా తోటల ఫొటోలు చూసే ముందు పోపు చిటపటల గురించి, బోరు నీళ్ల మరకల గురించి ఆలోచించాలి.

ఇప్పుడు మన వంటగదికి వద్దాం. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం, భోజనాల గది వేరుగా ఉన్న ఇంట్లో వంటగది కనీసం అయిదు చదరపు మీటర్లు, వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. మన ఫ్లాట్లలో కొలతలు ఇంతకంటే కొంచెం పెద్దవే. లెక్క కోసం తొమ్మిది అడుగులు, ఎనిమిది అడుగుల వంటగదిని తీసుకుందాం. రెండు గోడల వెంట గట్టు, ఒక గోడకు నాలుగడుగుల కిటికీ, ఇంకో గోడకు పొయ్యి, దాని పైన చిమ్నీ. ఫొటోల్లోని వంటగదికీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. విదేశాల ఫొటోల్లో చాలావరకు క్యాబినెట్లు రెండు వరుసలే: గట్టు కింద ఒకటి, గోడకు ఒకటి. మనకు మూడవది కూడా ఉంది. ఏడడుగుల ఎత్తున అటక, కొందరి మాటలో సజ్జ, దానికి మళ్లీ తలుపులు. పండగ గిన్నెలు, ఇత్తడి బిందె, ఊరి నుంచి వచ్చిన ఆవకాయ జాడీలు అన్నీ అక్కడికే చేరతాయి. కాబట్టి మన సమస్య రెండు వరుసలకు రెండు రంగులు వేయడం కాదు, మూడు వరుసలకు రెండు రంగులు పంచడం. ఈ తేడాను గమనించకుండా ఫొటోను దించేసినప్పుడే చిక్కు వస్తుంది.

గట్టు కింద ముదురు, గోడ క్యాబినెట్లకు లేత, అటకకు మళ్లీ ముదురు వేయిస్తే జత కుదురుతుందని కొందరు అనుకుంటారు. అప్పుడు గదిలో రెండు అడ్డగీతలు పడతాయి. తొమ్మిదడుగుల పైచిలుకు ఎత్తున్న గోడ మూడు పొరల దిబ్బరొట్టె ముక్కలా కనిపిస్తుంది. పైగా ముదురు రంగు తల మీదికి చేరి, కప్పు కిందికి దిగినట్లు అనిపిస్తుంది. ఇది నేను ఎవరినో తప్పు పడుతూ చెబుతున్న మాట కాదు. మా సొంత ఫ్లాటులో, ఈ వృత్తిలో కొత్తగా ఉన్న రోజుల్లో, నేనే గోడ క్యాబినెట్లకూ అటకకూ ద్రాక్షపండు ఎరుపు వేయించి, గట్టు కింద మీగడ రంగు పెట్టించాను. అందరిలా కాకుండా తలకిందులుగా చేయాలన్న ఉబలాటం తప్ప దానికి వేరే కారణం లేదు. మా అమ్మ ఊరి నుంచి వచ్చి, సాయంత్రం కాఫీ పెడుతూ తలెత్తి చూసి, "ఏమే, నెత్తి మీద మబ్బు పట్టినట్టుంది" అంది. పగలు బాగానే ఉన్న ఎరుపు, దీపాల వేళకు నిజంగానే నల్లగా మారిపోయేది. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపులు ముందుగా చీకటి పడతాయి, నీలాలు మరికొంతసేపు నిలుస్తాయి. ఈ సంగతిని 19వ శతాబ్దంలో గమనించిన చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పేరుతోనే దీన్ని నేటికీ పిలుస్తారు. అమ్మకు ఆయన పేరు తెలియదు కానీ, చూడగానే విషయం చెప్పేసింది.

కనుక అటక విషయంలో నేను పాటించే పద్ధతి ఇది: అటక తలుపులు గోడ క్యాబినెట్ల రంగులోనే ఉండాలి, లేదా ఇంకా మేలు, గదిలో గోడకూ కప్పుకూ వేసిన రంగుకు దగ్గరగా ఉండాలి. అప్పుడు గదిలో ఒకే ఒక్క అడ్డగీత మిగులుతుంది, అదీ గట్టు దగ్గర. అక్కడ ఎలాగూ గ్రానైటు ఉంది, కన్ను ఆగడానికి అలవాటు పడిన చోటు అది. గట్టు నేల నుంచి 34 అంగుళాల ఎత్తున ఉంటుంది, అంటే నిలబడిన మనిషి చూపు కంటే చాలా కింద. గీత చూపుకు కింద పడితే, పైనున్న గోడంతా ఒకే లేత పరదాలా పైకి సాగుతుంది. చిన్న గది కొంచెం ఎత్తుగా అనిపించడానికి ఇంతకు మించిన రహస్యం లేదు.

అయితే కొన్ని ఇళ్లలో నిలువు క్యాబినెట్ కూడా ఉంటుంది. నేల నుంచి ఏడడుగుల దాకా ఒకే పెట్టె, అందులో సరుకుల బుట్టలు, కొన్నిటిలో మైక్రోవేవ్. దీనికి ఏ రంగు వేయాలి? గట్టు దగ్గరి గీతను దీని మీదుగా కూడా లాగి, సగం ముదురు సగం లేత చేయడం నేను చూశాను. లుంగీ మీద చొక్కా టక్ చేసినట్టుంటుంది, క్షమించండి. నిలువు పెట్టెను తల నుంచి కాలి దాకా ఒకే రంగులో, సాధారణంగా లేత రంగులో ఉంచి, అది గట్టుకు చివర, గోడ మూలకు ఆనుకుని ఉండేలా చూసుకుంటే, గోడలో భాగంగా కలిసిపోతుంది.

ఇప్పుడు మురికి సంగతి. కింద ముదురు రంగు వేస్తే మురికి కనిపించదని మనలో గట్టి నమ్మకం ఉంది. ఈ నమ్మకాన్ని కొంచెం సడలించాలని వచ్చాను. సింకు కింది తలుపును తీసుకోండి. గిన్నెలు తోమేటప్పుడు నీళ్లు గట్టు అంచు మీదుగా జారి ఆ తలుపు మీద చారలు కడతాయి. మన బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువ. నీరు ఆరిపోయాక తెల్లని చారలు మిగులుతాయి. ముదురు నీలం మీద ఆ చారలు నల్లపలక మీద సుద్దగీతల్లా కనిపిస్తాయి. పూరీ పిండి కలిపిన రోజున పొయ్యి పక్క సొరుగు సంగతీ అంతే. మెరుపు లేని ముదురు షీటు మీద నూనె చేతుల వేలిముద్రలు కూడా తేలతాయి. మరోవైపు తెలుపును చూస్తే, పసుపు దానికి శత్రువు. పొయ్యి దగ్గరి తెల్ల తలుపు మీద పప్పు పొంగి జారిన మరకను సబ్బు నీళ్లతో తుడిస్తే, పోవాల్సిన పసుపు ఒక్కోసారి ఎర్రగా మారుతుంది. కంగారు పడనక్కరలేదు, పసుపులో సున్నం కలిపితే పారాణి అయిన తీరే ఇదీ, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. వెలుతురు తగిలే చోటైతే పసుపు మరక కొన్నాళ్లకు వెలిసిపోతుంది కూడా. కానీ పొయ్యి కింద ఎండ ఎక్కడిది?

అందుకే గట్టు కింద కటిక ముదురు గానీ, తెలుపు గానీ కాక, నడిమి ఛాయను నేను సూచిస్తాను. తడి ఇసుక, నానిన కంది పొట్టు, పాత టేకు, మట్టి కుండ, వర్షాకాలపు బూడిద మబ్బు, ఈ కోవలోవన్నీ పనికొస్తాయి. సున్నపు చారలు వీటి మీద అంతగా తేలవు, నూనె చుక్క అంతగా వెక్కిరించదు. సన్నని చెక్క గీతలున్న షీటు అయితే గీకుళ్లు కూడా కొంత దాగుతాయి.

నల్ల గ్రానైటు గురించి ఒక మాట. మన ఇళ్లలో గట్టు రాయి చాలావరకు నలుపే, బిల్డరు వేసి ఇచ్చినదే. అంటే రెండు రంగులు అని మనం పేరుకు అనుకున్నా, మూడవ రంగు ముందే వచ్చి కూర్చుంది; గోడకు అంటించిన డాడో టైల్స్ నాలుగవది; ఫ్రిజ్ అయిదవది. నల్లరాయి కింద నల్లటి నీలం పెడితే రాయి అంచు ఎక్కడుందో తెలియదు. ఇంట్లో డెబ్బై దాటినవారు, కంటిలో శుక్లాలు మొదలైనవారు ఉంటే ఇది అందచందాల విషయంగా మిగలదు. వేడి పాల గిన్నెను గట్టు మీద పెట్టబోయి అంచు మీద పెట్టే ప్రమాదం ఉంది. రాయి ముదురైతే దాని కింది తలుపు రాయి కంటే స్పష్టంగా లేతగా ఉండాలి. రాయి లేతదైతే తలుపు ముదురుగా ఉండవచ్చు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

రెండు రంగుల మధ్య తేడా చాలినంత ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. ఏ ఉపరితలమైనా తన మీద పడిన వెలుతురులో ఎంత తిరిగి ఇస్తుందో సున్నా నుంచి వంద వరకు ఒక కొలత ఉంది. కటిక నలుపు సున్నా వైపు, మచ్చలేని తెలుపు వంద వైపు. కొన్ని పెయింటు కార్డుల మీద ఈ అంకె అచ్చయి ఉంటుంది. సన్‌మైకా పుస్తకాల్లో సాధారణంగా కనిపించదు. అలాంటప్పుడు రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి ఫోనుతో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే, అవి పేరుకు రెండు రంగులే గానీ గదిలో దూరం నుంచి ఒకటే. మసక వెలుతురులో ఎక్కడ ఏది ఆగుతుందో తెలియక పొరపాటున పడిన అతుకులా ఉంటాయి. తేడా ఉంటే గట్టిగా ఉండాలి, లేకపోతే ఒకే రంగు వేయించుకోవడం మర్యాద.

ఇంకొక చిక్కు, పక్క రంగు ప్రభావం. 19వ శతాబ్దంలో పారిస్‌లోని గోబెలా తివాసీల కార్ఖానాలో అద్దకాల విభాగానికి షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా ఉండేవాడు. నలుపు నూలు పస లేకుండా ఉందని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షిస్తే నూలు బాగానే ఉంది; నీలం, ఊదా రంగుల పక్కన నేయడం వల్ల ఆ నలుపు అలా కనిపిస్తోంది. ఈ విషయం మీద తన పరిశీలనలను 1839లో ప్రచురించాడు. మన వంటగదుల్లో ఇదే కథ మరో రూపంలో జరుగుతుంది. దుకాణంలో చల్లని తెలుపులా కనిపించిన దంతపు రంగు, ఇంట్లో ముదురు నీలం పక్కన చేరగానే పాత పుస్తకం కాగితంలా పచ్చబడుతుంది. గృహస్థు వడ్రంగిని అనుమానిస్తాడు, వడ్రంగి దుకాణదారును అనుమానిస్తాడు, వేరే షీటు ఇచ్చాడేమోనని. షీటు అదే. దాని పొరుగు మారింది. అందుకే ముక్కలను విడివిడిగా ఎంచుకోవద్దు. గ్రానైటు ముక్క, టైలు ముక్క కూడా పక్కన పెట్టి, అన్నిటినీ కలిపి చూడాలి. ఎక్కడ చూడాలన్నదీ ముఖ్యమే. దుకాణంలో దీపాలు ఎక్కువ, ఇంట్లో ఒకే ట్యూబులైటు. దీపపు కాంతి రంగును కెల్విన్‌లలో కొలుస్తారు; 6500 కెల్విన్ తెల్ల దీపం కింద ఉన్న బూడిద రంగు, 3000 కెల్విన్ పసుపు దీపం కింద గోధుమ రంగుకు తిరగవచ్చు. వంటగదికి 4000 దగ్గరి దీపం నాకు ఇష్టం. కూర వేగిందో మాడిందో దాని కింద సరిగ్గా తెలుస్తుంది.

ఖర్చు గురించి అడగబోతున్నారని తెలుసు. రెండు రంగులు వేస్తే ఖర్చు పెరుగుతుందా అంటే, పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందో లెక్క చూస్తే తగ్గించే దారి కూడా కనిపిస్తుంది. సన్‌మైకా షీటు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మనం అనుకున్న వంటగదిలో మూల పోగా గట్టు కింద తలుపుల వరుస పొడవు 13 అడుగులు, ఎత్తు 29 అంగుళాలు. కిటికీ, చిమ్నీ పోగా గోడ క్యాబినెట్ల వరుస తొమ్మిదడుగులు, ఎత్తు 28 అంగుళాలు. అటక 13 అడుగులు, ఎత్తు 23 అంగుళాలు. ఒక షీటు నుంచి 29 అంగుళాల ఎత్తు ముక్కలు మూడు వరుసలు వస్తాయి, వరుసకు నాలుగడుగుల చొప్పున మొత్తం 12 అడుగులు. అంతా ఒకే రంగైతే కింది 13, పైన 9 కలిపి 22 అడుగులు రెండు షీట్లలో సరిపోతాయి, అటకకు ఇంకొకటి, మొత్తం మూడు షీట్లు. రెండు రంగులైతే కింది రంగు 12 దగ్గర ఆగిపోతుంది. మిగిలిన ఒక్క అడుగు కోసం రెండవ షీటు కొనాలి. పై రంగుకు రెండు షీట్లు ఎలాగూ కావాలి. మొత్తం నాలుగు. ఒక్క అడుగు కోసం ఒక షీటు!

ఇక్కడ నేను చేసేది ఏమిటంటే, ఆ ఒక్క అడుగుకు తలుపే పెట్టను. పొయ్యి పక్కన అడుగు వెడల్పున తెరిచిన అర వదిలేస్తాను. పళ్లేలు, అప్పడాల పీట, అట్ల పెనం నిలబెట్టుకోవడానికి అంతకంటే అనువైన చోటు లేదు. మూడు షీట్లతోనే రెండు రంగులు వస్తాయి. లోపలి భాగాలకు మాత్రం రెండు రంగుల ఆశ వద్దు, అన్నిటికీ లేత రంగు షీటే వేయించండి. చీకటి అరలో ఆవాల డబ్బా, మెంతుల డబ్బా వెతుక్కునేవారికి ఆ విలువ తెలుస్తుంది. ఇక కింది వరుసకు ప్లైవుడ్ విషయంలో రంగు మీద పెట్టే శ్రద్ధకు రెట్టింపు పెట్టండి. నీటిని తట్టుకునే ప్లైవుడ్‌కు వేసే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న ప్లై సింకు కిందనైనా తప్పనిసరి. షీటు అంచుకు అంటించే పట్టీ తలుపు రంగులోనే ఉందో లేదో కూడా చూసుకోండి; లేత తలుపుకు ముదురు అంచు పట్టీ పడితే ప్రతి తలుపు చుట్టూ కాటుక గీత తేలుతుంది, ఒక్క గీత కోసం మనం పడిన పాటంతా వృథా అవుతుంది.

ఉన్న వంటగదిని మార్చుకునేవారికి ఇంత హంగామా అక్కరలేదు. పెట్టెలు గట్టిగా ఉంటే కింది తలుపులు మాత్రం మార్చండి, చాలు.

వాస్తు గురించి చీటీ పంపారు. ఆగ్నేయంలో నీలం, నలుపు కూడదని కొందరు చెబుతారు. నాకు ఆ శాస్త్రం రాదు, వాదించను. నమ్మకం ఉన్నవారికి మట్టి కుండ రంగు, ఇసుక రంగు ఉండనే ఉన్నాయి. నేను ఇందాక చెప్పిన నడిమి ఛాయలు కూడా అవే కనుక మనకు తగువు లేదు.

ఇక ఈ మూడు ముక్కలు. కిటికీ పక్కన ఉన్నవారు దయచేసి పరదా సగం వేయండి. వెనుక ఉన్న బాబు, ఆ ట్యూబులైట్లు ఆపమ్మా. ఇప్పుడు మన వంటగదిలో సాయంత్రం ఆరున్నర. ఈ నల్ల గ్రానైటు పలక కింద ముందుగా నీలం ముక్క పెడుతున్నాను, చివరి వరుసలో ఉన్నవారికి రాయి అంచు కనిపిస్తోందా? లేదు కదా. నీలం తీసి ఇసుక రంగు పెడుతున్నాను. ఇప్పుడు చూడండి.